నీళ్లివ్వని ఆడపడుచు

వదిన కొండ పరుగుల్లోకి వస్తానన్నప్పుడు ఇంట్లో ఎవరూ నమ్మలేదు. పగలంతా కుట్టుమిషను ముందు కూర్చుని స్కూలు యూనిఫాంలూ, హోటళ్ల కర్టెన్లూ కుట్టే మనిషి. మేడమెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగి, ఎవరో పిలిచినట్టు వెనక్కి చూసి, ఆ వంకతో ఊపిరి తీసుకునేది. ఆమెను ఈ పిచ్చిలోకి లాగింది ఆడపడుచే. ఇంటిల్లిపాదీ బుల్లి అని పిలిచే ఆ అమ్మాయి పెద్దాసుపత్రిలో డయాలసిస్ టెక్నీషియను. వీళ్లకు తోడు బన్ను. అతని అసలు పేరుతో ఎవరికీ పనిపడలేదు. తండ్రి పెట్టిన బేకరీ నడుపుతాడు, బుగ్గలు కూడా తన సరుకులాగే గుండ్రంగా ఉంటాయి. బుల్లితో కలిసి చదువుకున్నవాడు.

ముగ్గురూ ఒక జట్టుగా రేసుకి పేర్లిచ్చారు. కొండల మీదుగా పగలూ రాత్రీ సాగే పరుగు అది. జట్టంటే ముగ్గురూ కలిసే గీత దాటాలి. ఒకరు వెనకబడితే మిగతా ఇద్దరూ ఆగాల్సిందే. ఆ నియమం దగ్గరే చిక్కొచ్చింది.

రేసు దగ్గరపడుతుండగా, ఒక సాయంత్రం బేకరీ వెనకగదిలో పిండి బస్తా మీద కూర్చుని బుల్లి మనసులో మాట బయటపెట్టింది.

"వదినతో అయితే మనం టైముకి చేరలేం బన్నూ. ఆ మాట చెబుదామంటే నాకు నోరు రావట్లేదు."

బన్ను ట్రేలు సర్దుతున్నాడు. అంతలో ముందుగదిలో చప్పుడైతే వెళ్లి చూశాడు. బ్రెడ్డు కోసం వచ్చిన వదిన ఏమీ కొనకుండానే అద్దాల తలుపు తోసుకుని బయటికి వెళ్లిపోతోంది.

ఆమె విన్నదో లేదో ఇద్దరికీ తేలలేదు. ఆ రోజు నుంచి మాత్రం వదిన తీరు మారింది. దెప్పడం మానేసింది. వేళాకోళాలు మానేసింది. "సరే బుల్లీ", "నీ ఇష్టం బుల్లీ" అనసాగింది. వదిన నోట అంత మర్యాద, ఆమె కాపురానికొచ్చిన కొత్తలో కూడా బుల్లి ఎరగదు. ఆ మర్యాద ముందు కూర్చుంటే బుల్లికి ఊపిరాడేది కాదు.

ఆఖరి పెద్ద సాధన పరుగుకి తెల్లవారుతుండగా బయల్దేరారు. మొదటి కొండ ఎక్కి, అవతలి లోయలోకి దిగి, రెండో కొండ దాటి, అడవిశాఖ చెక్‌పోస్టు దగ్గర రోడ్డు మీద తేలాలి. లోయలో ఫోన్లు పలకవు. మనుషులు కూడా అరుదే.

బన్ను చేతి గడియారం ఉండుండి కూసేది. అంతకుముందు నెలలో అతనే ఎండదెబ్బ తగిలి దారిలో కూలబడ్డాడు. అప్పట్నుంచి దాహమంటే హడలు. గడియారం కూసినప్పుడల్లా, కావాలనిపించినా లేకపోయినా, అందరూ నీళ్లు తాగాలని కట్టడి పెట్టాడు. బుల్లి ఒకసారి తాగి ఒకసారి తాగినట్టు నటించేది. వదిన మాత్రం పంతులుగారు చూస్తున్న పిల్లలా ప్రతి కూతకీ వీపుసంచిలోని నీళ్లతిత్తి గొట్టం నోట్లో పెట్టుకుని గట్టిగా పీల్చేది. ఊట కనిపిస్తే చాలు, ఆ తిత్తి మళ్లీ నింపుకునేది.

"ఈసారి నాకోసం ఎవరూ ఆగక్కర్లేదు," అంది మొదటి కొండ మీద, నవ్వుతూనే.

దాంతో బుల్లికి తెలిసిపోయింది. వదిన వినేసింది. ఏదో ఒకటి చెప్పాలనుకుంది. కానీ వదిన అప్పటికే దిగుడులో పడి, రాళ్లను తప్పించుకుంటూ ముందుకు వెళ్లిపోయింది.

లోయలో గాలి లేదు. రెండో కొండ మొదట్లో వదిన నడకలోకి వచ్చింది. కాస్సేపటికి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఆగింది.

"ఏమైంది?"

"ఏం లేదు. తల కాస్త బరువుగా ఉంది. ఎండేగా. పద పద."

ఆమె ముఖం ఉబ్బినట్టుంది. నిద్రలేచిన ముఖంలా ఉందనుకుంది బుల్లి, అంతకుమించి ఆలోచించలేదు. మరో మలుపు తిరగ్గానే వదిన దారి పక్కకు వంగి కక్కుకుంది. వచ్చిందంతా నీళ్లే. తెల్లగా, తేటగా, తాగినవి తాగినట్టే.

బన్ను ముఖం పాలిపోయింది. "ఒంట్లో నీళ్లన్నీ పోతున్నాయి. వదినగారూ, కూర్చోండి. చిన్న చిన్న గుక్కలు తాగండి. బుల్లీ, ఆ గొట్టం అందించు."

బుల్లే గొట్టం అందించింది. వదిన తాగింది. మళ్లీ కక్కింది. మళ్లీ తాగించారు. భుజాలు పట్టుకుని లేపి నడిపిస్తే నాలుగడుగులు తిన్నగా వేసి, ఐదో అడుగు దారిలో కాకుండా పొదలోకి వేసింది.

"బుల్లీ, కర్టెన్లు పట్టుకెళ్లారా?"

"ఏ కర్టెన్లు వదినా?"

"వాన మొదలైంది. మిషను లోపలికి లాగవే."

ఆకాశంలో మబ్బు తునక లేదు. బుల్లి, బన్ను ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

నీడ ఉన్న ఒక బండ పక్కన ఆమెను కూర్చోబెట్టారు. నాడి చూద్దామని బుల్లి ఆమె చెయ్యి పట్టుకుంది. గడియారం పట్టీ మణికట్టులోకి దిగబడిపోయి ఉంది. పట్టీ విప్పితే చర్మం మీద గాడి. వేళ్లు లావెక్కి, వంచితే వంగడం లేదు. పెళ్లినాటి ఉంగరం కండలో కూరుకుపోయింది. బుల్లి తన బొటనవేలితో ఆ చేతి మీద నొక్కి తీసింది. నొక్కినచోట గుంట పడి, అలాగే ఉండిపోయింది.

అలాంటి చేతులు ఆమె రోజూ చూస్తుంది. వార్డు తలుపు తోసుకుని, చెప్పులు పట్టని పాదాలతో, ఉబ్బిన రెప్పలతో వస్తారు రోగులు. వాళ్లను బరువు యంత్రం మీద నిలబెట్టి ఆమె మొదట అడిగే మాట ఒకటే: ఎన్ని నీళ్లు తాగారు? కానీ వాళ్లకు మూత్రపిండాలు పనిచెయ్యవు. వదిన గుండ్రాయిలాంటి మనిషి.

"బన్నూ, వదిన పొద్దుట్నుంచి చెట్టు చాటుకి ఎక్కడైనా వెళ్లిందా?"

"ఇప్పుడదెందుకు?"

"చెప్పు."

"కారు దగ్గర వెళ్లారు. ఆ తర్వాత ఎక్కడా ఆగలేదు."

అన్ని నీళ్లు తాగిన మనిషి. ఎక్కడికి పోయాయి అవన్నీ? రేసువాళ్లు పెట్టిన శిక్షణలో ఎవరో ఒక వైద్యుడు చెబుతుండగా సగం విన్న మాట బుల్లికి గుర్తొచ్చింది. గంటల తరబడి పరిగెత్తేవాళ్లలో కొందరికి ఒళ్లు నీటిని బయటికి వదలడం మానేస్తుందట. అయినా తాగుతూ పోతే రక్తంలో ఉప్పు పలచబడి, మెదడు వాస్తుందట. ఆ వేళ బుల్లి పక్కవాళ్లతో బూట్ల గురించి మాట్లాడుతోంది. పూర్తిగా విని ఉంటే ఎంత బావుండేది.

బన్ను మళ్లీ గొట్టం ఎత్తాడు. బుల్లి అతని చెయ్యి పట్టుకుంది.

"నీళ్లివ్వకు."

"ఏంటి?"

"ఇది నీళ్లు చాలక కాదు. ఎక్కువై. ఇంక చుక్క కూడా ఇవ్వకూడదు."

"నీకేమైనా మతిపోయిందా? ఇంత ఎండలో దాహంతో ఉన్న మనిషికి నీళ్లివ్వకుండా ఎలా? నేను పడిపోయినప్పుడు కూడా అచ్చం ఇలాగే."

"ఇలా కాదు. అప్పుడు నీ నోరు ఎండి అట్టకట్టింది. నీ బుగ్గలు పీక్కుపోయాయి. ఈవిడ చెయ్యి చూడు. ఈ వేళ్లు చూడు."

బన్ను చూశాడు. చూసినా అతనికి నమ్మకం కలగలేదు. "నువ్వు డాక్టరువి కాదు బుల్లీ."

"కాదు."

"నీ లెక్క తప్పయితే?"

తప్పయితే ఏమవుతుందో బుల్లికి బన్ను కంటే బాగా తెలుసు.

"తప్పయితే వదిన నా చేతుల్లో పోతుంది," అంది. "నా మాట నిజమై, మనం తాగిస్తూ పోయినా పోతుంది. రెండూ చెయ్యలేం కదా. చెక్‌పోస్టుకి పరిగెత్తు. స్ట్రెచరు తీసుకురా. నీళ్లెక్కువై స్పృహ తప్పుతోందని చెప్పు, ఆ మాట మర్చిపోకు."

బన్ను గొట్టం కింద పడేశాడు. వాళ్లిద్దరినీ అక్కడ వదిలి వెళ్లడం తప్పో ఒప్పో అతనికి తెలియలేదు. రెండడుగులు వేసి ఆగాడు. "బుల్లీ, మీ అన్నయ్యకి నేనేం చెప్పను?"

"ముందు వెళ్లు."

అతను వెళ్లాడు. బూట్ల కింద రాళ్లు దొర్లే చప్పుడు పైమలుపు దాకా వినిపించి ఆగిపోయింది.

బుల్లి సంచులన్నీ వెతికింది. ఉడకబెట్టిన బంగాళాదుంపలతో పాటు తెచ్చుకున్న ఉప్పు పొట్లం దొరికింది. వేలికి అద్దుకుని వదిన నాలుకకు రాసింది. వదిన మొదట నాకింది. తర్వాత ముఖం తిప్పేసుకుంది.

"నీళ్లియ్యవే. గొంతు మండిపోతోంది."

"కాసేపు ఆగు వదినా."

"ఒక్క గుక్క."

"వద్దు. నీళ్లే నీకు విషమవుతున్నాయి. నా మాట విను."

వదిన కళ్లు ఆమె మీద నిలిచాయి. అప్పటిదాకా ఎక్కడో తిరుగుతున్న చూపు, ఒక్కసారిగా ఈ లోకంలోకి వచ్చినట్టు పదునెక్కింది.

"బేకరీలో నువ్వన్నది విన్నాలే. నేను నెమ్మదని. అందుకని ఇక్కడ వదిలించుకుంటున్నావా?"

"వదిలించుకునేదాన్నయితే ఇక్కడ కూర్చుంటానా? అన్న మాట నిజమే. ఇంటికెళ్లాక నీ ఇష్టమొచ్చినట్టు తిట్టు. చెంప పగలగొట్టు. ఇప్పుడు మాత్రం నీళ్లడక్కు."

వదిన తిట్టలేదు. చేతుల మీద పాకుతూ బండ అవతల ఉన్న నీళ్లసంచి వైపు జరగసాగింది. బుల్లి సంచి ఎత్తి, అందని కొమ్మకు తగిలించి వచ్చింది. వదిన ఆ కొమ్మనే చూస్తూ పసిపిల్లలా ఏడ్చింది. బుల్లి ఆమె తల తన ఒళ్లోకి తీసుకుని, గట్టిగా అదిమి పట్టుకుంది. ఓదార్చడానికి కొంత, కదలనివ్వకుండా ఉండటానికి కొంత.

అప్పుడు దారి దిగి వచ్చారు వాళ్లు. చేతికర్రలతో నడుస్తున్న ముసలి దంపతులు. పెద్దావిడ దూరం నుంచే ఏడుపు విని గబగబా వచ్చింది.

"అయ్యో, ఏమైందమ్మా?"

"నీళ్లు," అంది వదిన. "నీళ్లివ్వట్లేదు."

పెద్దాయన అప్పటికే తన సీసా మూత తిప్పుతున్నాడు. బుల్లి అరచెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దండీ. దయచేసి ఇవ్వకండి. ఎక్కువ తాగే ఇలా అయింది. మా మనిషి సాయం తేవడానికి వెళ్లాడు."

"ఎక్కువ తాగడమేంటి? నోరెండిపోయి ఏడుస్తుంటే."

"నేను ఆసుపత్రిలోనే పనిచేస్తానండీ."

"డాక్టరమ్మవా?"

"కాదు."

పెద్దావిడ ఆమెను ఎగాదిగా చూసింది. "ఈవిడ నీకేమవుతుంది?"

"మా వదిన. మా అన్నయ్య భార్య."

దంపతులిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ చూపు బుల్లికి అర్థమైంది. నిర్మానుష్యమైన కొండ, గుక్కెడు నీళ్ల కోసం ఏడుస్తున్న వదిన, సంచి కొమ్మకు తగిలించిన ఆడపడుచు. వాళ్ల స్థానంలో ఉంటే తనూ అలాగే చూసేది.

"తప్పుకోమ్మా," అన్నాడు పెద్దాయన, ఈసారి మెత్తగా కాదు. వంగి సీసా వదిన పెదాలకు ఆనించబోయాడు. బుల్లి తోసింది. సీసా రాతి మీద పడి దొర్లి, నీళ్లు మట్టిలోకి ఇంకిపోయాయి.

"నువ్వసలు మనిషివేనా?" అంది పెద్దావిడ.

బుల్లి నోరు తెరిచేలోగా ఒళ్లో ఉన్న తల బిగుసుకుంది. వదిన పళ్లు కరుచుకున్నాయి. కళ్లు పైకి తేలిపోయాయి. చేతులూ కాళ్లూ కొట్టుకోవడం మొదలైంది. బుల్లి చప్పున ఆమెను పక్కకు తిప్పి, తల కింద సంచి దూర్చి, చుట్టూ ఉన్న రాళ్లు కాలితో తన్నేసింది. వార్డులో ఇలాంటప్పుడు ఎర్ర బటన్ నొక్కితే నలుగురు పరిగెత్తుకొస్తారు. ఇక్కడ నొక్కడానికేమీ లేదు. "ఊపిరి తీసుకో వదినా, ఊపిరి తీసుకో," అంటూ ఆమె భుజం పట్టుకుని కూర్చుంది. చెయ్యాల్సింది చేస్తోందో, చంపుతోందో ఆ క్షణంలో ఆమెకు తెలియదు. కొమ్మకు వేలాడే సంచి కళ్లబడింది. లేచి వెళ్లి తెచ్చి తాగించేస్తే ఈ బరువు తన మీద ఉండదు. అందరూ చెప్పిందే చేశానని చెప్పుకోవచ్చు.

లేవలేదు.

మూర్ఛ మెల్లగా వదిలింది. వదిన గురకపెడుతున్నట్టు ఊపిరి తీస్తోంది. పెద్దాయన తన చొక్కా విప్పి, కర్రలకు కట్టి, ఆమె ముఖం మీద నీడ పట్టాడు. పెద్దావిడ వదిన పాదాల దగ్గర కూర్చుని బూట్ల తాళ్లు విప్పింది. పాదాల మీద మేజోళ్ల అచ్చు లోతుగా పడి ఉంది. ఆవిడ దాన్ని తడిమి చూసి, బుల్లి వైపు ఒకసారి చూసింది. క్షమించినట్టు కాదు. ఇంకా తేల్చుకోనట్టు.

బన్ను వచ్చేసరికి ఎండ వాలింది. వెంట స్ట్రెచరు మోసేవాళ్లు, వాళ్లతో ఒక మగ నర్సు. అతను వదిన చెయ్యి నొక్కి చూశాడు, కనుపాపల్లోకి లైటు కొట్టాడు.

"నీళ్లేమైనా ఇచ్చారా?"

"మొదట ఇచ్చాం. తర్వాత నేను ఆపేశాను."

అతను తల ఆడించాడు. అది మెప్పో, మందలింపో తెలియలేదు. స్ట్రెచరు లేచింది.

ఆసుపత్రిలో అత్యవసర విభాగం బయట ప్లాస్టిక్ కుర్చీల వరస. బుల్లి, బన్ను మట్టికొట్టుకుపోయిన బట్టలతో కూర్చున్నారు. అన్నయ్య డ్యూటీ మధ్యలోంచి, బస్సు డ్రైవరు యూనిఫాంలోనే వచ్చాడు. తలుపు గాజులోంచి లోపలికి చూడబోతే తెర అడ్డంగా ఉంది. వెనక్కి తిరిగాడు.

"నీళ్లడిగితే ఇవ్వలేదట."

బన్ను తల దించుకున్నాడు. ఫోనులో కంగారులో వాగేసింది అతనే.

"ఇవ్వలేదు అన్నయ్యా."

"ఎందుకని?"

బుల్లి చెప్పింది. వేళ్లు ఉబ్బడం, తేటగా కక్కడం, మాట తడబడటం. అన్నయ్య విన్నంతసేపూ టోపీ అంచును వేళ్లతో తిప్పుతూనే ఉన్నాడు.

"నీకు కచ్చితంగా తెలుసా?"

అబద్ధమాడటానికి అదే సమయం. తెలుసంటే అన్నయ్యకు కాస్త ధైర్యం వచ్చేది.

"తెలీదు," అంది బుల్లి. "అలా అనిపించింది."

అన్నయ్య వెళ్లి వరస చివరి కుర్చీలో కూర్చున్నాడు. మధ్యలో ఉన్న ఖాళీ కుర్చీలను దాటి వెళ్లే ధైర్యం ఆమెకు లేకపోయింది. చిన్నప్పుడే తల్లి పోతే, తనకు జడలు వేసి బడికి పంపిన అన్న అతను. ఈ జన్మలో తన వైపు చూడకుండా కూర్చోవడం ఇదే మొదటిసారి.

చాలాసేపటికి డాక్టరు బయటికొచ్చింది. చిన్న వయసు, అలసిన ముఖం.

"రక్తంలో ఉప్పు బాగా పడిపోయింది. మెదడు వాచింది. మందు ఎక్కిస్తున్నాం, ఇప్పుడిప్పుడే తేరుకుంటోంది. పిలిస్తే కళ్లు తెరుస్తోంది." ముగ్గురి వైపూ చూసింది. "నీళ్లు ఆపిందెవరు?"

బన్ను చెయ్యి చాపి బుల్లిని చూపించాడు.

"ఇంకా తాగించి ఉంటే ఇక్కడిదాకా వచ్చేది కాదు," అంది డాక్టరు. వెళ్లబోతూ ఆగింది. "కానీ నిజంగా ఎండదెబ్బే అయి ఉంటే మీతో వేరేలా మాట్లాడేదాన్ని. అదీ తెలుసుకోండి."

"తెలుసండీ," అంది బుల్లి.

అన్నయ్య లేచాడు. ఖాళీ కుర్చీలు దాటుకుంటూ వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. క్షమాపణ చెప్పలేదు. వాళ్లింట్లో ఆ అలవాటు ఎవరికీ లేదు.

"పొద్దుట్నుంచి ఏమైనా తిన్నావా?" అన్నాడు.

"లేదు," అంది బుల్లి. ఆ ఒక్క మాటతో పగలంతా ఆపుకున్న ఏడుపు కట్టలు తెంచుకుంది. అన్నయ్య భుజం మీద యూనిఫాం తడిసిపోయింది. బన్ను తినడానికేమైనా తెస్తానంటూ లేచి, తనూ కళ్లు తుడుచుకుంటూ వెళ్లాడు.

వదినకు తెలివి పూర్తిగా వచ్చాక చూస్తే, మొదటి కొండ దిగిన తర్వాత జరిగిందేదీ ఆమెకు గుర్తు లేదు. బన్ను పూసగుచ్చినట్టు చెబుతుంటే ఎవరి కథో విన్నట్టు విన్నది. అతను వెళ్లాక బుల్లిని మంచం దగ్గరికి రమ్మంది.

"బేకరీలో నువ్వన్నది నేను విన్నాను."

"తెలుసు. కొండమీద చెప్పావు."

"చెప్పానా? ఏమన్నాను?"

"వదిలించుకుంటున్నావా అన్నావు."

"దానికి నువ్వేమన్నావు?"

"ఇంటికెళ్లాక తిట్టమన్నాను. చెంప కూడా పగలగొట్టమన్నాను."

"సరే అయితే. ఇంకా ఇంటికెళ్లలేదుగా," అంది వదిన. చాలా రోజుల తర్వాత ఆ గొంతులో దెప్పు వినిపించింది. "డిశ్చార్జి కానియ్యి, నీ పని చెబుతాను."

రేసు వాళ్లు లేకుండానే జరిగిపోయింది. ఆ రోజు ముగ్గురిలో ఎవరూ దాని ఊసెత్తలేదు. ఇక కొండల పేరెత్తితే ఊరుకునేది లేదని అన్నయ్య తేల్చి చెప్పాడు. వదిన ఎదురు చెప్పలేదు. కుట్టుపని చేసుకుంది, చెప్పినప్పుడల్లా రక్తపరీక్షకి వెళ్లింది. డాక్టరు మెల్లగా పరుగు మొదలుపెట్టవచ్చన్న మర్నాడు పొద్దున్నే బూట్లు వేసుకుని గుమ్మంలో నిలబడింది.

"ఎక్కడికి?" అన్నాడు అన్నయ్య.

"చెరువు రోడ్డు దాకా. చదునే. కొండ కాదు."

"కుదరదు."

"నువ్వు రోజంతా స్టీరింగు పట్టుకుంటావు. ప్రమాదాలు జరుగుతున్నాయని నిన్నెప్పుడైనా ఆపానా?"

అన్నయ్య కారు తాళాలు వెతుక్కునేలోగా వదిన, బుల్లి గేటు దాటేశారు. రోడ్డు మలుపు తిరిగాక వెనక ఇంజను చప్పుడు వినిపించింది. అన్నయ్య కారు. మొదటి గేరులో, మనిషి నడకంత నెమ్మదిగా, రెండు పక్కలా లైట్లు మిణుకుమిణుకుమంటూ వాళ్ల వెనకే వస్తోంది. దాని వెనక పాలవ్యాను ఆగకుండా హారన్ కొడుతోంది.

"తిరిగి చూడకు," అంది వదిన. "చూస్తే ఎక్కమంటాడు."